మర్చిపోయింది

పాలసీసాలు ఉడికించిన నీళ్లు సింకులో ఒంపుతుంటే ఆవిరి మొహానికి కొట్టింది. కళ్లు మూసుకున్నాను. కళ్లు మూసుకుంటే చెవులు పదునెక్కుతాయి కాబోలు, బాల్కనీలో అత్తయ్య ఫోన్‌లో మాట్లాడుతున్నది మాట మాటా వినిపించింది. ఆవిడ మామూలుగా మాట్లాడితే అసలు ఫోన్ అవసరమే లేదనిపిస్తుంది, అవతలివాళ్లకు గాల్లోంచే వినిపిస్తుంది. అలాంటి మనిషి గొంతు తగ్గించిందంటే అది నా గురించే అయ్యుండాలి. ఈ ఇంటికి కాపురానికొచ్చాక నేను నేర్చుకున్న మొదటి పాఠం అది.

"ఇవాళ కూడా మర్చిపోయిందిరా," అంటోంది కొడుకుతో. "ఆఁ, పొద్దున్నే, స్నానాలప్పుడు. నేనే చూసుకున్నాలే... లేదు, తెలియనివ్వలేదు. అసలే నిద్రల్లేక సగమైపోయి ఉంది, ఇది కూడా చెబితే ఇంకేమన్నా ఉందా? సరే సరే, నువ్వన్నట్టే చేస్తాను."

నా చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఇవాళ కూడా అంది. అంటే ఇది మొదటిసారి కాదు. నేను ఏదో మర్చిపోతున్నాను, అత్తయ్య దాన్ని సర్దుతోంది, సర్ది నాకు చెప్పకుండా కొడుక్కి చేరవేస్తోంది. స్నానాల వేళ నేను మర్చిపోగలిగింది ఏముంది? పిచ్చుక మందు. ఆ మాట తట్టగానే సీసా పక్కన పెట్టి గట్టు పట్టుకుని నిలబడ్డాను.

పిచ్చుక మా చిన్నది. మాకు కవల ఆడపిల్లలు, నెలలు నిండకుండానే పుట్టారు. ఒకరి వెనక ఒకరు తోసుకుంటూ వచ్చేసి, తీరా వచ్చాక ఊపిరి తీసుకోవడం చేతకాక నీలంగా పడి ఉన్నారట. ఉన్నారట అనే అనాలి, నేను చూడలేదు. బీపీ నెత్తికెక్కి, తెలివి ఉండీ లేకా, నేను పై అంతస్తులో ఉన్నాను. పిల్లలు కింద గాజు పెట్టెల్లో ఉన్నారు. ఊపిరితిత్తులు ఇంకా తయారు కాలేదని, గాలి ఊదినా లోపల మళ్లీ అంటుకుపోతున్నాయని, అంటుకోకుండా గొట్టంలోంచి మందు పోశారని, ఆ తర్వాత ముక్కు దగ్గర గాలి పెట్టారని, ఇవన్నీ నా భర్త వచ్చి చెబితే తెలిసినవే. అతను పూటకోసారి మంచం పక్కన నిలబడి కబురు చెప్పి వెళ్లేవాడు. పెద్దదాని గురించి బెంగ లేదనీ, చిన్నదే కాస్త మొండికేస్తోందనీ అనేవాడు. నేను గోడ పట్టుకుని కిందికి దిగగలిగేసరికి సిస్టర్లు పెద్దదానికి బొద్దు అని, చిన్నదానికి పిచ్చుక అని పేర్లు పెట్టేశారు. బొద్దు నిజంగా బొద్దుగా ఉందని కాదు, పక్కన పిచ్చుక ఉంది కాబట్టి అలా కనిపించేది. అసలు పేర్లు పెట్టే ధైర్యం మాకింకా రాలేదు.

ఆ వార్డులో ఊపిరి ఆగిందని ఎవరూ అనరు. మర్చిపోయింది అంటారు. నేను దిగిన మొదటి రోజే పిచ్చుక పెట్టె మీద అలారం మోగి నేను కొయ్యబారిపోతే, సిస్టరు తాపీగా లోపలికి చెయ్యి పెట్టి, బొటనవేలితో దాని అరికాలు రుద్ది, "ఏం లేదమ్మా, మర్చిపోయింది," అంది. "ఇంకా మీ కడుపులోనే ఉన్నాననుకుంటోంది. అక్కడ ఊపిరి తీసే పని లేదు కదా. నిద్రపట్టగానే మర్చిపోతారు, మనం గుర్తుచేస్తే మళ్లీ తీస్తారు." డ్యూటీ మారేటప్పుడు ఒకరికొకరు అప్పగించుకునే మాట కూడా అదే. పొద్దుట్నుంచి ఒక్కసారే మర్చిపోయింది. ఇవాళ అసలు మర్చిపోలేదు. అంత భయాన్ని అంత చిన్న మాటలో ఇమిడ్చినవాళ్లకు దండం పెట్టాలి. ఆ మాట లేకపోతే ఆ గదిలో ఏ తల్లీ నిలబడగలిగేది కాదు. పిల్లలతోపాటు ఆ మాటా మా ఇంటికొచ్చింది.

ఇంటికి పంపేటప్పుడు పిచ్చుకతో రెండు వస్తువులు ఇచ్చారు. ఒకటి, రోజూ పొద్దున వేయాల్సిన చుక్కల మందు. కాఫీలో ఉండే సరుకేనట, సిస్టర్లు దాన్ని కాఫీ మందు అంటారు. మెదడు కునుకు తీయకుండా తట్టి ఉంచుతుందట. రెండోది పొట్టకు కట్టే బెల్టు, దానికో వైరు, వైరు చివర చిన్న డబ్బా. ఊపిరి ఆగితే డబ్బా కూస్తుంది. బొద్దుకు ఇవేవీ అక్కర్లేదన్నారు. సిస్టరు మా ముగ్గురినీ వరసగా నిలబెట్టి మరీ చెప్పింది. "ఇక్కడ మర్చిపోవడం వేరు, ఇంట్లో మర్చిపోవడం వేరు. మానేసిన పిల్ల మళ్లీ మొదలుపెట్టిందంటే లోపల ఏదో తేడా వచ్చినట్టే. ఒక్కసారైనా సరే, గుర్తుచేసి ఊరుకోవద్దు, వెంటనే తీసుకొచ్చేయండి." అతను బుద్ధిమంతుడిలా తలూపాడు. అత్తయ్య కళ్లొత్తుకుంది. నేను ఆ మాటల్ని మనసులో అచ్చేసుకున్నాను.

ఇంటికొచ్చాక పిచ్చుక మర్చిపోవడం మానేసింది, నేను మొదలుపెట్టాను. పొయ్యి మీద పాలు మర్చిపోయాను. మురికి బట్టలతోపాటు ఫోన్‌ని కూడా వాషింగ్ మెషిన్‌లో తిప్పాను. ఒకరోజు ఒంటి చెవికే దిద్దు పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లొచ్చాను. "మళ్లీ మర్చిపోయావా?" అంటుంది అత్తయ్య. "మతిమరుపు మేడమ్‌గారూ" అంటాడు అతను, ముద్దుగానే. ఇద్దరికీ పాలు పట్టడం, తేన్పించడం, గుడ్డలు మార్చడం, ఉతకడం, ఆరేయడం, మధ్యలో పాలు పిండి సీసాల్లోకి పట్టి ఫ్రిజ్‌లో పెట్టడం, ఇది అయ్యేసరికి మళ్లీ మొదటిది రావడం. ఇందులో నేను మర్చిపోనివి ఎన్ని ఉన్నాయో ఎవరికీ గుర్తుండదు. పాలు పొంగిన రోజు మాత్రం అందరికీ గుర్తే. నేను బడి పుస్తకాలు అచ్చువేసే ప్రెస్‌లో ప్రూఫులు దిద్దుతాను. సెలవులో ఉన్నా ఓనరు కట్టలు కట్టలు ఇంటికి పంపిస్తున్నాడు. "ఇంట్లో ఖాళీయే కదమ్మా, పిల్లలు పడుకున్నప్పుడు అలా ఓ చూపు చూసేయండి," అంటాడు. పిల్లలు పడుకున్నప్పుడు నేను చూసేది వాళ్ల పొట్టలని. పొట్ట లేచిందా, దిగిందా, మళ్లీ లేచిందా. ఆ ఉద్యోగానికి సెలవు ఇచ్చేవాళ్లు లేరు, అసలు అదొక ఉద్యోగమని తెలిసినవాళ్లే లేరు.

ఇంతకీ పొద్దున మందు వేశానా? వేసినట్టే గుర్తు. డ్రాపరు గుర్తుంది, పిచ్చుక మొహం చిట్లించుకోవడం గుర్తుంది. కానీ అది ఇవాళ్టి మొహమా నిన్నటిదా? రోజులన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటే ఏది ఇవాళో ఎలా తెలుస్తుంది? వెంటనే ఇంకో అనుమానం పాములా తల ఎత్తింది. నేను వేసి ఉండి, వేయలేదనుకుని అత్తయ్య మళ్లీ వేసి ఉంటే? 'నేనే చూసుకున్నాలే' అందిగా. పరుగెత్తుకెళ్లి పిచ్చుక గుండె మీద రెండు వేళ్లు ఆనించాను. టకటకా కొట్టుకుంటోంది. దానిది ఎప్పుడూ అంతే కొట్టుకుంటుంది, కానీ ఆ రోజు ఇంకా ఎక్కువ కొట్టుకుంటున్నట్టు అనిపించింది. అడుగుదామంటే ఏమని అడగాలి? చాటుగా విన్నానని చెప్పుకోవాలి. మందు మర్చిపోయిన తల్లిని నేనేనని నా నోటితో ఒప్పుకోవాలి. నోరు మూసుకుని సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చున్నాను. ప్రూఫుల కట్ట అలాగే ఉండిపోయింది.

అతను లిఫ్టుల కంపెనీలో సర్వీసు సూపర్‌వైజరు. ఎక్కడ ఏ లిఫ్టు ఆగినా, ఏ అలారం మోగినా అతనికి ఫోన్ వస్తుంది. అలారం మోగిందంటే ముందు సెన్సర్‌ని అనుమానించాలి, ఆ తర్వాతే లిఫ్టుని అని కుర్ర మెకానిక్కులకు చెబుతుంటాడు. నూటికి తొంభై ఉత్తుత్తి కూతలేనట. ఇంట్లో పిచ్చుక డబ్బా విషయంలో కూడా అతనిది అదే సిద్ధాంతం. మొదటి వారంలో బెల్టు వదులై రెండుమూడుసార్లు ఉత్తినే కూసింది కూడా, అప్పుడు గుండె చేత్తో పట్టుకుని పరుగెత్తిన నన్ను చూసి "చెప్పానా?" అన్నాడు. చెప్పానా అనడం అతనికి అన్నంతో సమానం.

ఆ సాయంత్రం అతను గుమ్మంలో బూట్లు విప్పుతుంటే దగ్గరికెళ్లి నిలబడ్డాను. "నేను పొద్దున మర్చిపోయానా?" అని అడిగాను.

లేసు ముడి విప్పుతున్న చెయ్యి ఆగింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అత్తయ్య నీతో ఫోన్‌లో అంటుంటే వినపడింది."

అతను తలెత్తి చూశాడు. "ఏం వినపడింది?"

"ఇవాళ కూడా మర్చిపోయిందని. మందు వేయడం మర్చిపోయానా నేను? నువ్వైనా నాకు చెప్పొద్దూ?"

అతను నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీలే," అన్నాడు. "బాగా అలసిపోయి ఉన్నావు. ఎవరికైనా జరుగుతుంది. అమ్మ ఉందిగా, చూసుకుంటుంది."

"సారీ," అన్నాను నేను. అక్షరాలా అన్నాను. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఎంత మంచివాడు, ఒక్క మాట కూడా అనలేదు అనుకున్నాను. బూట్లు తీసి అలమరలో కూడా నేనే పెట్టాను.

మర్నాటి నుంచి నేను బడిపిల్లనైపోయాను. "అత్తయ్యా, ఇదిగో మందు వేస్తున్నాను, చూడండి," అని ఆవిడ ముందు నిలబడి డ్రాపరు ఎత్తి చూపించి మరీ వేశాను. "వెయ్యమ్మా, నన్ను అడుగుతావేంటి?" అంది ఆవిడ వింతగా. ఎంత నటనో అనుకున్నాను. మందు ఎంతవరకు ఉందో సీసా చీటీ మీద పెన్సిల్‌తో సన్నగా గీత పెట్టాను. గబగబా రెండు చెంబులు ఒంటి మీద పోసుకుని, చెవుల్లో సబ్బుతోనే బయటికొచ్చాను. అత్తయ్య పిచ్చుకను ఒళ్లో వేసుకుని దాని కాలు రుద్దుతోంది. డబ్బాలోంచి వైరు ఊడి పక్కన వేలాడుతోంది.

"వైరు ఎందుకు తీశారు?"

"కూసి కూసి పెద్దదాన్ని లేపేస్తోందమ్మా. నేను పక్కనే ఉన్నాగా."

"కాలెందుకు రుద్దుతున్నారు?"

"చల్లగా తగిలితేనూ," అంది ఆవిడ, నా వైపు చూడకుండా.

నేను వంగి చూసింది పిచ్చుకని కాదు, మందు సీసాని. గీత ఎక్కడ గీశానో మందు అక్కడే ఉంది. ఆవిడ వేయలేదు. గండం గడిచిందనుకున్నాను. వైరు తగిలించి, పిచ్చుకను తీసుకుని పాలు పట్టాను. అది రెండు గుక్కలు తాగి వదిలేసింది. కొత్తగా వచ్చిన బద్ధకం, మందు ఎక్కువైతే హుషారుండాలి కదా, అంటే ఎక్కువ కాలేదన్నమాట అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా తెలివితేటలు అలా ఏడ్చాయి.

ఆ తర్వాతి పొద్దున అత్తయ్య మళ్లీ బాల్కనీలోకి వెళ్లింది. ఈసారి నేను తలుపు వెనక నక్కి విన్నాను, సిగ్గు లేకుండా. "మళ్లీ మర్చిపోయిందిరా," అంటోంది. "ఈసారి గుర్తుచేసినా చప్పున రాలేదు. నాకేదో భయంగా ఉంది. చెప్పేద్దామా?" అవతల నుంచి అతను చాలాసేపు మాట్లాడాడు. "సరేరా," అంది ఆవిడ చివరికి, నీరసంగా.

నాకు ఒళ్లు మండిపోయింది. మందు ఆవిడ కళ్ల ముందు వేశాను. గీత దగ్గర కొలత సరిగ్గా ఉంది. అయినా మర్చిపోయాననే చెబుతోంది. గుర్తుచేసినా రాలేదట, నేను ఎక్కడికి రాలేదు? ఇదేదో పథకం ప్రకారం జరుగుతోందని అప్పుడు వెలిగింది నాకు. అత్తయ్య వచ్చిన దగ్గర్నుంచి ఒకటే పాట, "ఇద్దరినీ నువ్వు లాగలేవు, బొద్దుని కొన్నాళ్లు నేను మా ఇంటికి తీసుకెళ్తాను." నేను ససేమిరా అన్నాను. అతను ఏమీ అనలేదు, అంటే ఒప్పుకున్నట్టే. ఇప్పుడు నాకు మతి నిలకడ లేదని ఒక్కో ఇటుకా పేరుస్తున్నారు. పాలు పొంగించింది, ఫోన్ ఉతికింది, మందు మర్చిపోయింది, ఇలాంటిదాని చేతిలో పిల్లల్నెలా పెడతాం? రేపు డాక్టరమ్మ ముందు కూడా ఇదే చెబుతారు. భుజం మీద వేసిన ఆ చెయ్యి గుర్తొచ్చి ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టయింది. ఎంత మెత్తగా ఒప్పించాడు నాతో!

మందు సీసా పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాను. "చూడండి అత్తయ్యా," అన్నాను. నా గొంతు వీధిలోకి వినిపించి ఉంటుంది. "ఇక్కడ గీత పెట్టాను. రోజూ మీ ఎదురుగా వేశాను. చెప్పండి, నేను ఎప్పుడు మర్చిపోయాను? ఏ రోజు? ఎన్నిసార్లు మర్చిపోయాను? నా మీద లేనిపోనివి ఎందుకు చెబుతున్నారు మీ అబ్బాయికి?"

అత్తయ్య తెల్లబోయి చూసింది. నన్ను, సీసాని, మళ్లీ నన్ను. "నువ్వా?" అంది. "నువ్వు మర్చిపోయావని ఎవరన్నారే తల్లీ? నేను చెప్పేది చిన్నదాని..."

ఆగిపోయింది. లోపలికి, పిచ్చుక పడుకున్న వైపు చూసింది.

ప్రూఫుల్లో కర్త లేని వాక్యం కనిపిస్తే పక్కన పెన్సిల్‌తో 'ఎవరు?' అని రాస్తాను. అది నా వృత్తి. చిన్నపిల్లల పుస్తకం కదా, ఎవరు చేశారో తెలియకుండా పని జరగకూడదని ఓనరుతో కూడా వాదిస్తాను. అలాంటిదాన్ని ఈ ఒక్క వాక్యం దగ్గర 'ఎవరు?' అని అడగలేదు. ఆ వార్డు మాటని ఇంటికి మోసుకొచ్చిందాన్నే, ఆ మాట చెవిన పడితే పిల్ల గుర్తుకు రాలేదు. ఈ ఇంట్లో తప్పు జరిగిందంటే చేసినవాళ్లెవరని అడగనక్కర్లేదని నాకు ఎప్పుడో నేర్పేశారు. నేను అంత బాగా నేర్చుకున్నాను. నా మీద నేరం పడిందని గీతలు గీసుకుంటూ, సాక్ష్యాలు కూడబెట్టుకుంటూ కూర్చున్నాను, అదే సమయంలో నా పిల్ల ఊపిరి ఆగుతోంది. నాలుగుసార్లు ఆగింది.

"పెదవుల చుట్టూ నీలం తిరిగిందమ్మా," అంటోంది అత్తయ్య ఏడుస్తూ. "మొదటిసారి డబ్బా కూసింది, నువ్వు స్నానానికెళ్లావు, నీళ్ల చప్పుడులో నీకు వినపడలేదు. అరికాలు రుద్దాను, తీసింది. ఆసుపత్రికి పోదామని వాడికి ఫోన్ చేస్తే, బెల్టు వదులై ఉంటుంది, నీ కళ్లకు అలా అనిపించి ఉంటుంది, నీ కోడలికి చెప్పకు, మళ్లీ ఆసుపత్రంటే ఈసారి మనిషి మనకు దక్కదు అన్నాడు. కూస్తే నువ్వు హడలిపోతావని వైరు కూడా వాడే తీసెయ్యమన్నాడు. నేనెప్పుడూ దాని పక్కన్నుంచి లేవలేదమ్మా, నీ మీదొట్టు. వాడికి చెప్పాక ఇంక నాదేముందనుకున్నాను."

ఆవిడని తిట్టడానికి నాకు టైము లేదు. ఆవిడా నాలాంటిదే కదా, కళ్లారా చూసి కూడా కొడుకు కాదంటే తన కళ్లనే అనుమానించింది. పిచ్చుకను ఎత్తుకున్నాను. ఒళ్లు వెచ్చగా లేదు, చల్లగానూ లేదు, తడి గుడ్డలా వాలిపోయి ఉంది. "బొద్దుని తీసుకుని పదండి," అన్నాను. ఇద్దరం కట్టుబట్టలతో ఆటో ఎక్కాం. దారంతా నేను పిచ్చుక పొట్టనే చూస్తున్నాను. అత్తయ్య బొద్దుని గుండెకు హత్తుకుని పెదవుల్లో ఏదో గొణుక్కుంటోంది. ఒక సిగ్నల్ దగ్గర పొట్ట లేవడం ఆగింది. అరికాలు రుద్దాను. రాలేదు. గట్టిగా రుద్దాను. "తియ్యవే," అని అరిచాను. ఆటో అతను వెనక్కి తిరిగి చూసి, సిగ్నల్ కూడా చూడకుండా బండి దూకించాడు. ఆ కుదుపుకో, నా అరుపుకో, అది ఎక్కిళ్లు పెట్టినట్టు ఒక ఊపిరి తీసింది.

వార్డులో దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని మళ్లీ ముక్కు దగ్గర గాలి పెట్టారు, రక్తం తీశారు, చేతికి సూది గుచ్చారు. డాక్టరమ్మ చాలాసేపటికి వచ్చి, లోపల ఇన్‌ఫెక్షన్ మొదలైందని, మర్చిపోవడం దాని మొదటి గుర్తని, మందులు పట్టుకుంటాయనే ఆశిస్తున్నామని చెప్పింది. ఆశిస్తున్నాం అంది, తప్పకుండా అనలేదు. ఆ తేడా నేను గమనించాను. అప్పుడే అతను కంపెనీ చొక్కాతో పరుగెత్తుకొచ్చాడు. డాక్టరమ్మ వెంటనే నా మీంచి చూపు తీసి అతని వైపు తిరిగింది, అందరూ తిరిగినట్టే.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

"ఇవాళే డాక్టర్," అన్నాడు అతను. "గమనించిన వెంటనే తెచ్చేశాం."

"ఇవాళ కాదు," అన్నాను నేను. "అటుమొన్న ఒకసారి, మొన్న ఒకసారి, నిన్న ఒకసారి, ఇవాళ రెండుసార్లు. పాలు తాగడం నిన్నటి నుంచే తగ్గింది. ఇంతకుముందు నాలుగుసార్లు ఆగిన సంగతి ఈయనకు తెలుసు. నాకు ఇవాళే తెలిసింది."

డాక్టరమ్మ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్లి మందు మార్చమని చెప్పింది. నిన్ననే తెస్తే బాగుండేదని ఆవిడ అనలేదు. అనక్కర్లేదు కూడా.

అతను నన్ను గోడ పక్కకు తీసుకెళ్లాడు. "అందరి ముందూ అలా అనాలా?" అన్నాడు. "నీ మంచికే కదా చెప్పలేదు. ఆ రోజుల్లో నువ్వెలా ఉన్నావో నీకు తెలియదు, నేను చూశాను. మళ్లీ అలా అయిపోతావేమోనని భయం వేసింది. అది నేరమా?"

"నేను మర్చిపోయానా అని అడిగితే పోనీలే అన్నావు."

"నేను అబద్ధం చెప్పలేదు. నువ్వే మందు అనుకున్నావు, నువ్వే సారీ చెప్పావు. నేను ఊరుకున్నానంతే."

నిజమే. అతను అబద్ధం ఆడలేదు. నా తప్పు కాని తప్పుని నేనే ఎత్తి నెత్తిన పెట్టుకుంటే, బరువు సరిగ్గా కుదిరిందా లేదా అని భుజం తట్టి చూశాడు, అంతే. అతను చెడ్డవాడు కాదని నాకు తెలుసు. భయపడ్డాడనీ తెలుసు. కానీ అతని భయానికి నా పిల్ల ఊపిరిని తాకట్టు పెట్టాడు, నా బుద్ధిని పూచీగా పెట్టాడు. ఆ బూట్ల దగ్గర నా మొహంలోకి చూస్తూ ఉండిపోయినప్పుడు అతను లెక్క వేసుకున్నాడని ఇప్పుడు తెలిసింది. చెబితే ఎంత గొడవ, చెప్పకపోతే ఎంత సుఖం. అసహ్యం వేసింది నాకు. అతనంటే అసహ్యం వేయడం అదే మొదటిసారి, దాంతో భయం కూడా వేసింది.

సిస్టరు పిచ్చుక పెట్టె దగ్గర గొట్టం సర్దుతోంది. పాత సిస్టరే. నేను పక్కకు వెళ్లి నిలబడితే, ధైర్యం చెప్పాలని కాబోలు, "కంగారుపడకమ్మా," అంది. "ఇది గట్టిపిండం. మొదట్లోనూ అంతే కదా, పెద్దదానంత ఏడిపించలేదు మమ్మల్ని ఇది."

"పెద్దదా?" అన్నాను.

"అదే, బొద్దు. మొదటి రోజుల్లో పూటపూటకీ మర్చిపోయేది కదా. ఒకసారైతే..." అని నా మొహం చూసి ఆగింది. నా మీదుగా వెనక్కి చూసింది, అతని వైపు. "సార్‌కి అన్నీ చెప్పాం. మీరు పైన ఉన్నారప్పుడు."

నేను వెనక్కి తిరగలేదు. అద్దం అవతల వరండాలో అత్తయ్య ఒళ్లో బొద్దు నిద్రపోతోంది. దానికి బెల్టు లేదు, డబ్బా లేదు. దాని గురించి బెంగ లేదు కదా అని ఇన్నాళ్లూ నేను దాని పొట్ట వైపు సగం చూపే చూశాను. రెండో సగం ఎప్పుడూ పిచ్చుక మీదే. ఒకసారైతే, అంది సిస్టరు. ఒకసారైతే ఏమైంది? ఆ ఒక్క వాక్యం ఎలా పూర్తవుతుందో ఇంట్లో ఒకరికి తెలుసు, కన్న నాకు తెలియదు. పై అంతస్తులో మంచం మీద నేను విన్న కబుర్లలో ఏవి నిజాలు, ఏవి నన్ను నిద్రపుచ్చడానికి చెప్పిన కథలు? ఇంకా ఎన్ని ఉన్నాయి? నాలుగు గోడలూ, మంచమూ, అతనూ, ఏది ముట్టుకున్నా బోలుగా మోగేలా ఉంది.

స్టూలు లాక్కుని పిచ్చుక పక్కన కూర్చున్నాను. "సిస్టర్, మీకు తీరికైనప్పుడు మొదటి రోజు నుంచి చెప్పండి," అన్నాను. "ఇద్దరి గురించీ. ఏదీ వదలొద్దు. ఇకమీద ఏదున్నా ముందు నాకే చెప్పండి."

"ఇప్పుడవన్నీ ఎందుకు?" అతను నా వెనక నుంచి వంగి, మెల్లగా, చాలా ప్రేమగా అన్నాడు. "తట్టుకోలేవు. నా మాట విను."

నేను తల తిప్పి అతన్ని చూశాను. పెళ్లయ్యాక 'నువ్వు' తప్ప ఇంకోటి అనని మనిషిని మొదటిసారి 'మీరు' అన్నాను.

"మీరు బయటికెళ్లి బొద్దుని ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. దాని పొట్ట మీంచి చూపు తిప్పకండి. నేను ఇక్కడ అంతా విన్నాక, మీరు తట్టుకోగలరో లేదో చూసి, చెప్పాలా వద్దా అని ఆలోచిస్తాను."